పారెయ్యమన్న ద్రాక్ష

“మీ అమ్మకి ద్రాక్ష పడదు కదే! ఆ సంగతి తెలిసి కూడా ద్రాక్షతోటల మధ్యకి పంపిస్తానంటావా?”

అంతే! భోజనాల బల్ల మీద పరిచి ఉన్న కాగితాలన్నీ ఆ ఒక్క మాటతో నీళ్ళు చల్లిన నిప్పుల్లా చల్లారిపోయాయి. కొండవాలులో రాతిగోడల బస, కిటికీ తీస్తే కనుచూపు మేర ద్రాక్షతీగల వరసలు, రెండే రెండు కుర్చీలున్న వరండా, మూడు రోజులు ఎవరికీ వండక్కర్లేని జీవితం… అన్నీ పోయాయి! పోనీ ఆ మాట అన్నవాడు పగవాడా అంటే కాదు, కట్టుకున్నవాడు. కోపంతో అన్నాడా అంటే అదీ కాదు, ప్రేమతో అన్నాడు. కోపంతో అన్నమాటకైతే నాలుగు తగిలించవచ్చు. ప్రేమతో అన్నమాటకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి వేరే చెప్పాలా!

ఇల్లాలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు తరిగి అప్పటికి గంట దాటింది కాబట్టి వాటి మీదకి నెట్టడానికి కూడా వీల్లేకపోయింది.

పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయని ఈ ప్రయాణం తలపెట్టింది కూతురు. ప్రయాణాలు ఏర్పాటు చేసే ఆఫీసులో దాని ఉద్యోగం. ఊళ్ళో ఉన్న మొగుడూ పెళ్ళాలందరినీ ఏదో ఒక కొండకో సముద్రానికో పంపించి, విశ్రాంతి తీసుకున్నారో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కుంటుంది. అమ్మానాన్నల కోసం వారం రోజులు కూర్చుని ప్రయాణం మొత్తం గంటల లెక్కన రాసింది. పొద్దున తోటలో నడక. మధ్యాహ్నం వైన్ తయారుచేసే నేలమాళిగ చూడటం, రుచి చూడటం. సాయంత్రం ఇద్దరికీ కొండ మీద భోజనం. అన్నిటికన్నా రెండో రోజు కాగితంలో ఒక పంక్తి ఉంది. ‘మూడు నుంచి ఐదు వరకు: ఏమీ చేయకూడదు.’ ఆ పంక్తిని ఇల్లాలు ఎన్నిసార్లు చదువుకుందో! మూడు నుంచి ఐదు వరకంటే ఇంట్లో ఆరిన బట్టలు మడతపెట్టే వేళ. ఏమీ చేయకూడదని ఆమెకి పాతికేళ్ళలో ఎవరూ చెప్పలేదు, కాగితం మీద అచ్చు వేయించి మరీ చెప్పడం మాట దేవుడెరుగు.

అత్తగారికి మాత్రం ఆ వైన్ వ్యవహారం మొదటి నుంచీ మింగుడు పడలేదు.

“నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తారటగా! దానికి అంత దూరం పోవాలా? మన వాష్ బేసిన్ ఏం పాపం చేసింది?”

“రుచి చూడటం అంటే అదే నానమ్మా. ఇష్టమైతే మింగొచ్చు.”

“మింగితే అది రుచి చూడటం కాదే, తాగడం!”

అందాకా నవ్వులాటగానే సాగింది. అంతలో ఆయన కాగితాలు అందుకుని, మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందికి చదివి ఆ మాట అన్నాడు.

కూతురు నాలుక కరుచుకుంది. “అయ్యో, అవును! ఆ సంగతే మర్చిపోయాను. అక్కడ గదిలో కూడా గిన్నెడు ద్రాక్ష పెడతారమ్మా. నీకు వాంతులైతే ఇంకేం విశ్రాంతి! ఉండు, వేడినీటి బుగ్గల ఊరొకటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి దివ్యంగా ఉంటుందట. గదిలో ముగ్గురు పడుకోవచ్చు, నానమ్మని కూడా తీసుకెళ్ళిపోవచ్చు!”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే!

“నీకెలా వీలైతే అలా చెయ్యమ్మా. నాకేదైనా పర్వాలేదు,” అంది ఇల్లాలు.

“అయితే రేపు సాయంత్రం దాకే ఆ తోటల గది మన పేరు మీద ఉంటుంది. వదిలేసుకుంటున్నామని చెప్పేస్తాను.”

అసలు సంగతేమిటంటే… ఆమెకి ద్రాక్షంటే ప్రాణం!

పాతికేళ్ళ కిందటి మాట. కాపురానికి వచ్చి అప్పటికి నెల కాలేదు. ఆడపడుచు టైఫాయిడ్‌తో మంచం పట్టి, చిక్కి శల్యమై, అన్నం సహించక పళ్ళ మీదే బతుకుతోంది. ఒకరోజు సాయంత్రం ఆయన దుకాణం నుంచి వస్తూ కాగితపు సంచిలో ఒక్క గుత్తి నల్లద్రాక్ష తెచ్చి కొత్త పెళ్ళాం చేతిలో పెట్టాడు. పక్కగదిలో మంచం మీద నుంచి ఆ పిల్ల చూస్తోంది. అడగలేదు, చూసింది, అంతే. ఆ చూపుకి ఈమె గుండె కరిగి నీరైపోయింది! ‘సగం తనకిద్దాం’ అంటే ఆ పిల్ల మొహమాటపడుతుంది. అందుకని “నాకు ద్రాక్ష పడదండీ, తింటే వాంతవుతుంది, తనకి ఇచ్చేయండి,” అనేసింది. మంచి మనసుతో చెప్పిన అబద్ధమే. అయితే అబద్ధాలకి మంచి మనసుతో పుట్టాయో చెడ్డ మనసుతో పుట్టాయో తెలియదు, అన్నీ ఒకేలా పెరుగుతాయి. ఇది పెరిగి పెద్దదై, పెళ్ళిళ్ళలో విందుల్లో ఆమె పళ్ళెం వైపు వచ్చిన ద్రాక్షనల్లా వెనక్కి పంపించింది. ఆ ఆడపడుచు కోలుకుని, పెళ్ళాడి, ఇద్దరు పిల్లల తల్లయి, వేరే ఊళ్ళో హాయిగా ఉంది. వచ్చినప్పుడల్లా “వదినకి పడదుగా” అని గుత్తి తన ముందుకే లాక్కుంటుంది. అందని ద్రాక్ష పుల్లన అంటారు. చేతికందిన ద్రాక్షని పుల్లన అన్నవాళ్ళ గురించి సామెత ఎవరూ కట్టలేదు.

అలాగని పాతికేళ్ళూ పస్తులుందా అంటే, లేదు. అత్తగారికి ద్రాక్ష పిచ్చి. దొరికే రోజుల్లో వారం వారం తెప్పించుకునేది. నాలుగు పళ్ళు నోట్లో వేసుకుని, మిగతా గుత్తి గిన్నెతో సహా కోడలి వైపు నెట్టి, “మెత్తబడ్డాయే అమ్మాయ్, పారెయ్,” అనేది. కోడలు గిన్నె తీసుకెళ్ళి, సింకు దగ్గర కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నిలబడి ఒక్కొక్కటే తినేది. తేలు కుట్టిన దొంగలా, గింజలు కూడా చప్పుడు కాకుండా ఉమ్మేది. పెద్దావిడకి చూపు ఆనక మంచి పళ్ళని మెత్తబడ్డాయంటోందిలే అనుకునేది.

ఇప్పుడు నిజం చెబితే? ‘మీ చెల్లెలి కోసం ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నాను’ అని దెప్పినట్టు కాదూ! చెప్పకపోతే వేడినీటి బుగ్గ, మోకాళ్ళు, పక్కమంచం మీద అత్తగారు. మింగలేదు, కక్కలేదు!

మర్నాడు మధ్యాహ్నం బట్టలు మడతపెట్టకుండానే చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆయన దుకాణం బజారు మలుపులో ఉంటుంది. గోడల నిండా ఫ్రేములు. అడుగు పెట్టగానే నూరు జతల ఖాళీ కళ్ళద్దాలు మనవైపే చూస్తున్నట్టుంటాయి. వెనక చిన్న చీకటి గది, ఎత్తు కుర్చీ, ఎదురుగోడకి వెలిగే అక్షరాల పలక.

“ఏంటిలా వచ్చావు? అమ్మకేమైనా…?”

“అందరూ బానే ఉన్నారు. కళ్ళు చూపించుకుందామని వచ్చా.”

“చెప్పాపెట్టకుండానా?”

“కళ్ళు చూపించుకోవడానికి కబురు కూడా పంపాలాండీ?”

ఆయన ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్షకి పెట్టే బరువైన ఇనపఫ్రేము ముక్కు మీద ఆనించాడు. పెట్టెలోంచి అద్దం బిళ్ళలు ఒక్కొక్కటే తీసి టిక్కు టిక్కుమని అందులో వేయడం మొదలెట్టాడు.

“ఆఖరి వరస చూడు. ఇది బాగుందా… ఇదిగో, ఇది బాగుందా?”

“రెండూ బాగానే ఉన్నాయి.”

“ఇప్పుడు? ఇదా, ఇదా?”

“ఏదైనా పర్వాలేదండీ.”

ఆయన చెయ్యి ఆపేశాడు.

“ఇదే వద్దన్నది! పాతికేళ్ళుగా నీ కళ్ళు చూస్తున్నాను, ఒక్కసారైనా ఇది కావాలని చెప్పవు. వచ్చే ముసలాళ్ళు నన్ను తిట్టి మరీ చెబుతారు, ‘మసగ్గా ఉంది, మార్చవయ్యా’ అని. అద్దాల దగ్గర మొహమాటమేంటి? నువ్వు సర్దుకుపోయి చెబితే నేను తప్పు అద్దాలే వేస్తాను. ఆ తప్పు నాది కాదు మరి!”

ఇల్లాలు ముక్కు మీది ఇనపఫ్రేము సర్దుకుంది. తలనొప్పి వస్తే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టుకునే అలవాటు తనకెందుకు వచ్చిందో ఇన్నాళ్ళకి అర్థమైంది.

“మళ్ళీ వేయండి.”

టిక్కు. టిక్కు.

“మొదటిదే బాగుంది. రెండోది మసక. మొదటిదే కావాలి.”

“అబ్బో! ఇవాళ ఈ కుర్చీకి ఏదో అయింది!”

“ఇంకోటి కూడా చెప్పాలి. నాకు ద్రాక్షంటే ఇష్టం.”

ఆయన చేతిలో అద్దం బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

“పడదు కదా?”

“పడుతుంది.”

“వాంతవుతుందన్నావు!”

“అవదు.”

“ఎప్పట్నుంచి?”

“పుట్టినప్పట్నుంచి.”

అక్షరాల పలక వెలుగులో ఆయన ముఖం మెల్లగా మారింది. “అయితే ఆ రోజు… ఆ సంచి…”

“మీ చెల్లెలు మంచం మీద నుంచి చూస్తోందండీ! ఉన్నది ఒక్కటే గుత్తి… నాకేం తోచలేదు…”

ఆయన ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇతరుల కళ్ళలోకి చూసేందుకు రోజూ కూర్చునే స్టూలే.

“అది నీ కోసం తెచ్చాను,” అన్నాడు. “దారంతా ఎండ తగలకుండా చొక్కాలోపల పెట్టుకుని తెచ్చాను. నువ్వు ముట్టుకోనైనా లేదు… ఆ తర్వాత ఎన్నిసార్లు ఎన్ని దుకాణాల ముందు ఆగానో! లోపలికి వెళ్ళబోతే ఇదీ పడదంటావేమోనని చెయ్యి వెనక్కొచ్చేది. ఏం కావాలని అడిగితే ఏదైనా పర్వాలేదంటావు. సరే, నా చేత్తో తెచ్చేదేదీ అక్కర్లేదు కాబోలనుకున్నా…”

పక్కింటావిడ తన భర్త తెచ్చినవి చూపించినప్పుడల్లా ఈమె ‘మా ఆయన అలాంటివి పట్టించుకునే మనిషి కాదులెండి’ అని నవ్వి ఊరుకుంది, పాతికేళ్ళు. ఇన్నేళ్ళూ తను ఒక ఆడపిల్లకి ఒక గుత్తి ద్రాక్ష ఇచ్చాననుకుంది. దాంతోపాటు ఇంకేమేం ఇచ్చేసిందో ఇప్పుడు తెలిసింది. కన్నీళ్ళు కారిపోతున్నా ముక్కు మీది ఇనపఫ్రేము తియ్యందే తుడుచుకోవడానికి లేదు. ఎదుటి అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఆ మసకకి పెట్టెలో ఏ నంబరూ సరిపోదు.

“బాబూ, మా వంతు ఎప్పుడొస్తుందీ?” అని ముందుగదిలోంచి ఎవరో ముసలావిడ కేకేసింది.

“ఒక్క నిమిషమమ్మా! ఇక్కడ కేసు కొంచెం పాతది,” అన్నాడాయన. ఆమె ముక్కు మీది ఫ్రేము తనే తీసి, తన చేతిరుమాలు ఇచ్చి, ఫోన్ అందుకున్నాడు.

“చిన్నదానా, ఆ తోటల గది వదిలెయ్యకు… లేదే తల్లీ, బుద్ధుండే మాట్లాడుతున్నా. వేడినీళ్ళు కావాలంటే ఇంట్లో కాచుకుంటాం!”

సాయంత్రం మళ్ళీ అదే బల్ల, అవే కాగితాలు. ఆయన గొంతు పెంచి, తీర్పు చదివినట్టు, “మీ అమ్మకి ద్రాక్ష పడుతుంది,” అని ప్రకటించాడు. సంచి కథంతా చెప్పాడు. కూతురు కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఇల్లాలు మాత్రం అత్తగారి వైపు చూడలేక తల దించుకుంది. కన్నకూతురి సంగతి ఎత్తి చూపినట్టయిందే, ఆవిడ మనసు ఎంత నొచ్చుకుందో!

అత్తగారు తలెత్తలేదు. ముందున్న ద్రాక్ష గిన్నెలోంచి ఒక పండు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ గిన్నెలోనే పడేసింది.

“అయితే వచ్చే వారం నుంచి నాకు ద్రాక్ష తేకురా అబ్బాయ్.”

“అదేంటమ్మా? నీకు ద్రాక్షంటే ప్రాణం కదా!”

“ప్రాణమా నా మొహమా! గింజలన్నీ కట్టుడుపళ్ళ కింద ఇరుక్కుని ప్రాణం తోడేస్తున్నాయి. పళ్ళున్న రోజుల్లో మాత్రం ఏం, ఆ పులుపుకి జివ్వుమని లాగేవి. నాకెప్పుడు ఇష్టం గనక!”

ఇల్లాలు మెల్లగా గిన్నె వైపు చూసింది. గుత్తి నిగనిగలాడుతోంది. ఒక్కటీ మెత్తబడలేదు. ఆలోచిస్తే ఏనాడూ ఏదీ మెత్తబడలేదు. చూపు ఆనక అలా అంటోందనుకుందే గాని, కొడుకు చేత ఏటా కొత్త అద్దాలు వేయించుకునే మనిషికి చూపు ఆనకపోవడమేమిటో ఒక్కసారీ ఆలోచించలేదు!

“అత్తయ్యా… మీకు తెలుసా?”

“ఆ రోజు సంచి అడుగున రాలిన పండొకటి ఉంటే, నువ్వు సింకు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని తిన్నావు. గుమ్మంలో నేనున్నాను.”

“మరి… ఇన్నేళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?” అడిగింది ఇల్లాలు.

“అబద్ధం నీది. నువ్వు విప్పకుండా నేనెలా విప్పుతానే?” అంది పెద్దావిడ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. తుడిచింది అద్దాలనే అనుకోవాలని ఆవిడ కోరిక. “నా కూతురి కోసం నువ్వొక పెద్ద అబద్ధం ఆడావు. అంత పెద్దది ఆడటం నాకు చేతకాదు. అందుకని చిన్నవి ఆడాను. వారానికొకటి.”

కోడలు వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ తల మీద చెయ్యి వేసి, పెద్దావిడ మనవరాలి వైపు తిరిగింది. “మీ అత్తకి ఫోన్ చెయ్యి. వచ్చి నాతో మూడు రోజులు ఉండమను. వాళ్ళ వదినకి ఒక గుత్తి బాకీ ఉందని చెప్పు.”

కూతురు ముక్కు ఎగబీల్చుకుంటూ కాగితాలు సర్దింది. ఆయన తోటల్లో నడకకి ఏ చెప్పులు తీసుకెళ్ళాలని అడిగి, సమాధానం కోసం ఆగాడు. “ఏదైనా…” అని మొదలెట్టిన ఇల్లాలు మధ్యలో ఆగి, “ఆ గోధుమరంగువి. ఆ నల్లవి నాకు మొదటి నుంచీ నచ్చలేదు,” అంది.

“ఇక చాల్లే, ఆ గిన్నె తీసుకుపో,” అంది అత్తగారు. “మెత్తబడ్డాయి.”

ఇల్లాలు గిన్నె అందుకుంది. అలవాటు కొద్దీ సింకు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. అందరూ చూస్తుండగా ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది.

“కొంచెం పుల్లగా ఉంది,” అంది, పైకే.