ఎముకల దూలం

బోధన్‌కు చెరుకు తోలే బండ్లవాళ్లు దప్పికైనా ఆ ఇంటి ముందు ఆగరు. రుద్రూర్ బాటలో, తుమ్మచెట్ల వెనక, ఎత్తు దూలాల పాత పెంకుటిల్లు. అక్కడెవరో ఉరేసుకున్నారట. శవాన్ని దించారు గానీ, ఎముకలు మళ్లీ వచ్చి దూలానికి వేలాడుతున్నాయట...

అరవై ఎనిమిదో సంవత్సరంలో ఒక రాత్రి, ఫ్యాక్టరీ ముందర మొదలైన బండ్ల వరుస సరిగ్గా ఆ ఇంటి దాకా వచ్చి నిలిచిపోయింది. చివరి బండి కాశయ్యది.

కాశయ్యకు మనసు కుదురుగా లేదు. చెరుకు నరికించి, గట్టున పడేసి, లింబాద్రి గుట్ట జాతరకు పోయాడు. ఆరు రోజులు. నిలవ చెరుకు ఫ్యాక్టరీ తీసుకోదు. మధ్యాహ్నం చీటీలిచ్చే గుమాస్తా అడిగితే, "పొద్దుగాలనే నరికిన సారూ... నా బిడ్డ మీద ఒట్టు" అనేశాడు.

ఉన్నది ఒక్కతే బిడ్డ. ఇంట్లో జ్వరంతో పడుకుని ఉంది.

"ఏం కాశన్నా, కూసోవు, నిలవడవు. కింద చీమలున్నయా?" అన్నాడు ముందు బండి భీమన్న.

"ఎడ్లకు నీళ్లు దెస్త."

"గా ఇంటి బాయికా? పో. ఎముకలకు నా దండం జెప్పు."

కాశయ్య బొక్కెన పట్టుకుని కిటికీ దాకా వచ్చాడు. లోపల దీపం... సన్నని గొంతు...

"ఒకటి... ఆరు... ఒకటి... ఆరు..."

ఒక్క బిడ్డ — ఆరు రోజులు.

తొంగి చూశాడు. దూలం నుంచి తెల్లని వెన్నెముక వేలాడుతోంది. గాలి లేదు. అయినా గణుపు గణుపునా మెల్లగా మెలి తిరిగింది...

బొక్కెన జారింది.

"ఆరు రోజుల చెరుకే... అబద్ధమాడింది నేను... బిడ్డను ముట్టకు..."

తలుపు తెరుచుకుంది. లాంతరుతో ఒక కళ్లద్దాల మనిషి. చెరుకు పరిశోధన చేసే రామ్‌దాస్ సారు.

"ఎవరివన్నా నువ్వు? గవి ఎముకలు కావు, జొన్న బెండు. పిల్లలు ఆట బండ్లు జేస్తరు సూడు, గదే. నరికిన చెరుకు నిలవుంటే రసంల బంక పుడ్తది. దాని లోపలి రూపం గిది. కంటికి కనబడని చక్కెర తునకలు గొలుసు లెక్క అల్లుకుంటయి. ఒక్కో తునకల ఆరు పూసలనుకో. ఒకదాని ఒకటో పూసను పక్కదాని ఆరో పూసకు కడుతున్న. ఆరోది బయటికి పొడుసుకొని ఉంటది, గందుకే గొలుసు ఎటంటే అటు తిరుగుతది. అది ఎట్ల ముడుసుకుంటదో తెలిస్తే, రసం ఎందుకు సాగుతదో తెలుస్తది. నా గదిల గింత ఎత్తు లేదు, గందుకే ఈ దూలానికి కట్టిన."

లాంతరు దించి మెల్లగా అన్నాడు. "ఆరు రోజుల మాట నేనెవరికీ చెప్పనులే."

కాశయ్య నవ్వబోయాడు. రాలేదు. దెయ్యం లేదు. ఒట్టు మాత్రం ఉంది.

తిరిగొచ్చి, బండిలోంచి చీటీ తీసుకుని ఫ్యాక్టరీ వైపు నడిచాడు. భీమన్న చెయ్యి పట్టి ఆపాడు.

"మాటలు ఇనబడ్డయన్నా... ఏమన్నది దెయ్యం?"

"అదేమనలేదు. నేనే అన్న," అన్నాడు కాశయ్య చెయ్యి విడిపించుకుంటూ. "గదే మాట గుమాస్తాకు జెప్పొస్త. ఎడ్లను సూడు."