జోళ్ళ వరస

రింగు రోడ్డు మజిలీ దగ్గర ఎరుపు మళ్ళీ చిక్కబడింది. నూకరత్నం తెర మీది పటాన్ని వేలితో దగ్గరకు లాక్కుని చూసింది. చలువ మందిరంలో జనం కిక్కిరిసి కూర్చున్నారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, లేచేవాడు లేడు. ఎందుకు లేస్తారు? బయట తిరగరాదని ఎండ నిషేధం, లోపల ఊరికే వచ్చే చల్లగాలి. బస్సులను నడిపే యంత్రం వాహినికి ఆ సంగతి పట్టదు. బస్సు గుర్తు దగ్గర వెచ్చని ఒళ్ళు కనిపిస్తే చాలు, దాని లెక్కలో ప్రయాణికుడే. వేచిన కొద్దీ ఆ మనిషి బరువు పెరుగుతుంది. బస్సెక్కితేనో, ఇంటికి పోతేనో తీరుతుంది. జిల్లా విస్తరణ నిధి ఆ బరువు ఎటు మొగ్గితే అటే పోతుంది.

"ఈ ఏటి కొత్త బస్సులన్నీ రింగు రోడ్డుకు. నిర్ధారించండి," అంది వాహిని.

నూకరత్నం మార్గ నిర్ధారకురాలు. పేరు పెద్దదే గానీ ఆవిడ పనల్లా అవుననడం. ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. ఈసారి మాత్రం పటంలో నల్లగా మిగిలిపోయిన పెదవలస మీద చూపు ఆగింది. అక్కడినుంచి మూత్రపిండాలు చెడి రక్తశుద్ధి కోసం ఆసుపత్రికి రావలసినవాళ్ళు సగంమంది రావడం మానేశారు.

"ఆ ఊళ్ళో ఎవరూ వేచి ఉండటం లేదు కదమ్మా. బస్సు ఎవరికి వెయ్యమంటావు?" అన్నాడు పై అధికారి వామనమూర్తి.

"ఒకసారి చూసొస్తాను సార్."

"చూసిరా. సాయంత్రంలోగా అవునని చెప్పెయ్. నిధి మురిగిపోతే నా మెడకు చుట్టుకుంటుంది."

పెదవలస బస్సు గుర్తు దగ్గర గోరంత నీడ లేదు. మనిషి లేడు. గుర్తు కింద నుంచి రోడ్డు అంచు పొడవునా చెప్పులు మాత్రం బారుగా ఉన్నాయి.

"ఓలమ్మా, ఆపీసరమ్మే! ఆ ఎండలో నిలబడ్డావేటమ్మా, సచ్చిపోతావు. ఇటు రా!"

దూరంగా నీళ్ళ ట్యాంకు నీడలోంచి ఒక ముసలమ్మ కేకేసింది. పేరు తవిటమ్మ. ఆమె చుట్టూ ఊళ్ళో రోగులంతా చేరగిలబడి ఉన్నారు.

"గుర్తు దగ్గర ఎవరూ నిలబడరా పిన్నీ?"

"నిలబడితే మాడిపోమూ? అందుకే జోళ్ళెట్టినాం. ఎవులి వరస ఆళ్ళదే. బస్సొస్తే లగెత్తడమే."

వారానికోసారి వచ్చే పాత బస్సు ఎప్పుడొస్తుందో ఆ బస్సుకే తెలియదు. రోజూ పొద్దున్నే జోళ్ళు పెడతారు, చీకటి పడ్డాక తీసుకుపోతారు. వాహిని కంటికి రబ్బరు ముక్కా ఒకటే, రాయీ ఒకటే. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ మీద కాదు, ఇన్నాళ్ళూ అవునన్న తన నోటి మీద.

ఎండ నిషేధపు రోజుల్లో నిర్ధారకురాలు కళ్ళారా చూసి ప్రయాణికులను నమోదు చేయవచ్చని ఒక పాత నిబంధన ఉంది. ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఈ ఎండలో ఎవరొస్తారు గనక! నూకరత్నం కూర్చుని బారు చివరి నుంచి ఒక్కో జతా చేత్తో ఎత్తి చూపింది. ట్యాంకు కింద ఒక్కో చెయ్యి లేచింది. అందరినీ లెక్కలోకి ఎక్కించాక కూడా మణికట్టు పట్టీలోంచి వాహిని, "రింగు రోడ్డే బరువు," అంది.

బారులో మొదటి జత మిగిలింది. టైరు అడుగు, తీగతో కుట్టిన పట్టీ. ఎత్తి చూపితే చెయ్యి లేవలేదు.

తవిటమ్మ మెల్లగా నడిచి వచ్చింది. "మా ముసిలోడివి. బస్సుకని ఒచ్చి ఇక్కడే కూలబడిపోనాడు. మోసుకెళ్ళీసరికి పేణం లేదు. రేత్రి అందరూ ఎవులివి ఆళ్ళు అట్టుకుపోతారు గానీ, వీటిని తియ్యడానికి ఎవులికీ సేతులు రాలేదమ్మా."

"మరి నీది?"

"ఆడెనకాలే." చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి చూపించింది. పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. "నాకూ అదే రోగం. ఆపీసరమ్మా, మరో బస్సు ఏస్తారా, ఎయ్యరా?"

"ప్రయాణికుడు వేచి ఉన్నాడా?" అని అడిగింది వాహిని.

నూకరత్నం ఆ టైరు జోళ్ళను చూసింది. ఈయన బస్సు ఎక్కడు. ఇంటికీ పోడు.

"వేచి ఉన్నాడు."

"ఎప్పటి నుంచి?"

"అందరికంటే ముందు నుంచి."

జోళ్ళను తీసిన చోటే పెట్టి, "ఎవరొచ్చి చెప్పినా ఇవి తియ్యకు పిన్నీ," అంది.

"నానెందుకు తీస్తాను!"

కాసేపటికే వామనమూర్తి ఫోను. "రత్నం! బస్సులన్నీ అటు తిరుగుతున్నాయేంటి? ఆ మొదటివాడి బరువు పెరుగుతూనే ఉంది. ఎవడమ్మా వాడు? ఎక్కమని చెప్పు!"

"ఎక్కేదాకా పంపాల్సిందే కదా సార్. మనం పెట్టుకున్న నియమమే."

డ్రైవరు లేని బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. జనం పరుగున వచ్చి జోళ్ళు తొడుక్కుని ఎక్కారు. తవిటమ్మ తన జోళ్ళు తొడుక్కుని, వంగి, ముసలాయన జోళ్ళు రెండూ సరిగ్గా జతచేసి, ఎక్కింది.

"ఒక ప్రయాణికుడు ఇంకా ఎక్కలేదు," అంది వాహిని.

బస్సు కదిలింది. ఆ దుమ్ము అణగకముందే రెండో బస్సు వచ్చి, టైరు జోళ్ళ ముందు ఆగి, తలుపు తెరిచింది.