దాసు అనే నాలుగో రౌటర్

రాత్రి ఎనిమిదీ నలభైకి, రాత్రి డ్యూటీలో ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే హిమజ టిఫిన్ డబ్బా కడుక్కొచ్చి, సర్వర్ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

నరసరావుపేటలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, చీకటి పడ్డాక ఆ గదిలోకి హిమజ తప్ప ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఒకప్పుడు అది శవాల గది. తర్వాత సర్వర్ పెట్టారు. దాన్ని చూసుకునే దేవదాసు రెండేళ్ల కిందట పని చేస్తూ చేస్తూనే అక్కడ గుండె ఆగి పోయాడు.

సర్వర్ ఒక్కటే. దాని మీద రౌటర్లు మూడు, ఆసుపత్రి శాఖకొకటి — నరసరావుపేటకు, మాచర్లకు, గురజాలకు. ఈ రౌటర్ పెట్టె కాదు, సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం; తన దగ్గర ఏమీ దాచుకోదు. శాఖ అడిగినదాన్ని డేటాబేస్‌కు చేరవేసి, జవాబు తెచ్చిస్తుంది, అంతే. ప్రతిదానికీ వేరే పేరు, వేరే ఫోల్డర్, రాకపోకలకు వేరే పోర్టు నంబరు ఉండాలి.

నాలుగోది కూడా ఒకటి నడుస్తోంది. ఏ శాఖదీ కాదు. పేరు... దాసు.

"దాన్ని మాత్రం కదిలించమాకండి మేడం," పగలు డ్యూటీ చేసే ఇర్ఫాన్ ఫోన్లో గొంతు తగ్గించాడు.

"దెయ్యానికి పోర్టు దేనికయ్యా? మాచవరంలో కొత్త శాఖ పెడుతున్నారు, ఆ పోర్టు నాకు కావాలి."

నవ్వి, దాసును ఆపేసింది.

మాచర్ల ఫోల్డర్‌ను కాపీ చేసి మాచవరం రౌటర్ తయారు చేసింది. లోపల పేరు మార్చడం మరిచింది. కొత్తది లేచింది... మాచర్లది పడిపోయింది.

ఫోన్ మోగింది. మాచర్ల నర్సు ఝాన్సీ.

"మేడం, బి నెగటివ్ రక్తం ఎక్కడుందో వెతుకుతుంటే తెర తిరుగుతానే ఉంది. కాన్పు కేసు... రక్తం చానా పోతంది. ల్యాబులకు ఫోన్లు చేస్తే ఒక్కరూ ఎత్తటంలా."

"పది నిమిషాలు ఆగు, సరిచేస్తా."

"ఏంది మేడం ఆగేది! ఈ పిల్ల ఆగదు."

హిమజ మాచర్ల ఫోల్డర్ తెరిచి ఒక్కో ఫైలే చూసుకుంటూ పోయింది. తప్పెక్కడుందో దొరకడం లేదు —

"వచ్చింది మేడం," ఝాన్సీ ఊపిరి పీల్చుకుంది. "గురజాలలో రెండు ప్యాకెట్లున్నాయంట. బండి పంపిస్తన్నా."

హిమజ తెర వంక చూసింది. మాచర్ల రౌటర్ ఆగే ఉంది. నడుస్తున్నది — దాసు. దాన్ని తను మళ్లీ మొదలుపెట్టలేదు.

తెల్లవారేసరికి తల్లి గట్టెక్కింది. బిడ్డ దక్కలేదు.

నాలుగు రోజుల తర్వాత ఇర్ఫాన్ గురజాల వెళ్లి ల్యాబ్‌లో ఆ రక్తం గురించి విచారించాడు. ఆ కాన్పు రోజు సాయంత్రం అక్కడ నెట్ లేదు. అప్పుడే వచ్చిన రెండు ప్యాకెట్లను టెక్నీషియన్ ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్లిపోయాడు. అవి వచ్చినట్టు కంప్యూటర్‌లో ఎక్కించింది మర్నాడు ఉదయం.