యాభై చూపని పేజీ

అబుదాబి దగ్గర ముసఫ్ఫాలోని ఐకాడ్ పారిశ్రామికవాడలో, ఇనుప ట్యాంకులు తయారుచేసే కంపెనీలో నేను వెబ్ ప్రోగ్రామర్‌ని. 2006 ఆగస్టు. యార్డులో వేడి ఎంతుందో ఒక మీటరు పంపేది. నేను రాసిన పేజీ దాన్ని పూర్ణసంఖ్య చేసి, యార్డు గోడ మీది పెద్ద తెరకి ఎక్కించేది; అదే నా కంప్యూటర్‌లోనూ కనిపించేది. తెర మీద యాభై కనిపిస్తే పని ఆపాలని మా కంపెనీ నియమం.

మొదట కోడులో "రౌండ్" అని రాశాను. 49.6 వస్తే యాభై చూపేది. మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఒళ్లు మండింది.

"ఫ్రాంక్లిన్, పచాస్ మత్ దిఖావ్" అన్నాడు, యాభై చూపించొద్దని.

రౌండ్ తీసేసి "ఫ్లోర్" పెట్టాను. ఇక చుక్క తర్వాత ఎంతున్నా ఊడిపోతుంది. ఒక్క మాట మార్చడానికి ఎంతసేపు? ఆ వారమే, 49.8 దగ్గర, రంగు వేసే హన్మంతు ట్యాంకు లోపల కుప్పకూలి చనిపోయాడు. అప్పుడు తెర మీద నలభై తొమ్మిదే ఉంది. నేను నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఇసుకగాలి లేచింది. నేను పనిచేసే పోర్టకాబిన్ కిటికీ మొదట ఎర్రబడి, మెల్లగా నల్లబడింది. ఏసీ రొద ఆగిపోయింది. కాలిన ఇనుము వాసన, దాని వెనకాలే ఎవరిదో చెమట వాసన. గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. మీటరు 49.7 చూపుతోంది. ట్యాంకులో రాజమౌళి, ఇంకో ఇద్దరు రంగు వేస్తున్నారు.

ఈసారి ఆగలేకపోయాను. ఫ్లోర్ చెరిపి రౌండ్ కొట్టాను.

తెర మీద యాభై!

హమ్మయ్య అనుకునేలోపే... నలభై తొమ్మిది.

ఫైలు తెరిచాను. ఫ్లోర్.

మళ్లీ మార్చాను. మళ్లీ ఫ్లోర్... చేతులు వెనక్కి తీసేసుకున్నాను. కీబోర్డు మాత్రం టక్... టక్... అంటూనే ఉంది.

పరుగెత్తాను. ట్యాంకు కన్నం దగ్గర మోకాళ్ల మీద పడి అరిచాను.

"రాజమౌళన్నా! బయటికి వచ్చెయ్యండి!"

ముగ్గురూ పాక్కుంటూ వచ్చారు. రాజమౌళి పెదవులు పాలిపోయాయి. బతికే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"యాభై పడింది కదా అన్నా, బయటికి రాలేదేం?"

"అచ్చినం సారూ. మల్ల నువ్వే అచ్చి, లోపలికి పోండ్రి అంటివి గద."

"నేనా? నేను కేబిన్ దాటలేదు!"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. గొంతు తగ్గించాడు.

"మాతోటే లోపలికి అచ్చినవ్... ఎప్పుడు బయటికి పోయినవ్ సారూ?"

ట్యాంకు లోపల చీకట్లోంచి నా గొంతే వినబడింది.

"నలభై తొమ్మిదే... రా."