చెట్టెక్కే మిషన్

ఆ వారం బడిలో భవాని పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చింది. రేపటి రోజుల్లో ఏ కొత్త వస్తువు కనిపెడితే మనిషి బతుకు ఎక్కువ సుఖపడుతుంది? సిద్దిపేటలో సైన్సు టీచరు ఆమె, ఏటా అడిగే ప్రశ్నే. బట్టలు వాటంతట అవే మడతపడాలన్నాడు ఒకడు. బస్సులో నిద్రపోతే దిగే చోట లేపే సీటు కావాలన్నాడు ఇంకొకడు. వర్షిత అనే పిల్ల లేచి, "మా నాయనమ్మకు కొత్త మోకాళ్లు కావాలె. చెప్పుల లెక్క ఏసుకొని ఇప్పేటియి," అంది. కూర్చోబోతూ, "మీకేం కావాలె టీచర్?" అని అడిగింది.

భవాని నవ్వి, కూర్చోమని సైగ చేసింది. ఆమెకు కావలసింది అప్పటికే సొంతూరు చింతమడకలో, వాళ్ల కొట్టంలో, గోనెసంచి కింద ఉంది. మనిషి ఎక్కకుండా తానే తాటిచెట్టెక్కి కల్లు గీసే మిషన్.

ఎందుకో చెప్పాలి. తాటిచెట్టు ఎక్కడం నిచ్చెన ఎక్కడం లాంటిది కాదు. కొమ్మలుండవు. మోకు అని దొడ్డు తాడొకటి ఉంటుంది. దాన్ని చెట్టునూ నడుమునూ కలిపి ఒకే చుట్టుగా వేసుకుని, వెనక్కి వాలి, తాడును పైకి జరుపుకుంటూ, పాదాలతో తన్నుకుంటూ పోవాలి. ప్రాణమంతా ఆ తాడు మీదే. భవాని తండ్రి రాజమల్లయ్య ముప్పై ఏళ్లు అట్లా ఎక్కి, రెండేళ్ల కింద ఒక పొద్దున పడి చనిపోయాడు. ఇప్పుడు అవే చెట్లు తమ్ముడు సతీశ్ ఎక్కుతున్నాడు. వాడు దిగిందాకా భవానికి ముద్ద దిగదు. వాడు ఇక ఎక్కకూడదు. ఆమెకున్న కోరిక అదొక్కటే.

భవాని సొంతంగా చేసిన ఆ మిషన్‌కు రెండు ఇనుప చేతులు, ఒక గీత కత్తి, స్కూటర్ బ్యాటరీ. ఫోన్‌తో నడుస్తుంది. అన్నీ కుదిరాయి కానీ నున్నటి మాను మీద చేతులు జారుతున్నాయి. వాటికి మోకు చుడితే పట్టు దొరుకుతుందని తోచింది భవానికి. ఆ మాట తల్లి పోచవ్వతో అంది.

పోచవ్వ లోపలికి వెళ్లి పాత చీరలో చుట్టిన మూట తెచ్చింది. విప్పగానే చెమట వాసన, పులిసిన కల్లు వాసన. రాజమల్లయ్య మోకు.

చెట్టు మీది నుంచి పడ్డవాడి మోకును వాడితో పాటే కాల్చేస్తారు. చావు ఆ తాడును వదలదంటారు. ఆ ఊళ్లో కల్లు గీసే ఏ ఇల్లూ అది తప్పలేదు.

"కాల్చినమంటివి గదనే అవ్వా."

"కట్టెల మీద వేరే తాడు ఏసిన. గిది దాసుకున్న." పోచవ్వ గొంతు తగ్గించింది. "మీ బాపు చెయ్యి దీని మీద ఉన్నది. పోరడు సల్లగుంటడు. ఎల్లయ్య పెద్దబాపుకు మాత్రం చెప్పకు."

తాడు తాడే కదా అనుకుంది భవాని.

ఆదివారం, మంచు విడిచి ఎండ వచ్చాక, మిషన్‌ను తాటివనానికి మోసుకుపోయారు. తండ్రితో కలిసి గీసిన ఎల్లయ్య కూడా వచ్చాడు.

"అక్కా, గిదే అన్ని గీస్తే నేనేం జెయ్యాలె? కింద కూసోని దానికి బీడీ ముట్టియ్యాల్నా?" అన్నాడు సతీశ్.

"పెండ్లి చేసుకో తమ్మీ."

"పిల్లను ఎతికే మిషన్ గూడ నువ్వే చెయ్యి మరి."

ఎల్లయ్య ఇనుప చేతులకు చుట్టిన మోకును ముట్టి చూశాడు. "ఎవలది బిడ్డా ఇది?"

"బజార్ల కొన్న పెద్దబాపూ."

ఆయన ముట్టిన వేలును ధోవతికి తుడుచుకున్నాడు, రెండుసార్లు.

మిషన్ చక్కగా ఎక్కింది. ఒక్కసారీ జారలేదు. పైకి పోయి గెల కొస కోసింది. సతీశ్ ఈల వేశాడు. భవాని ఫోన్‌లో 'దిగు' నొక్కింది.

దిగలేదు.

'ఆగు' నొక్కింది. పైన మోకు కిర్రుమంది. ఇనుప చేతులు మానును ఇంకా బిగిస్తున్నాయి. తాటి పెచ్చులు రాలుతున్నాయి. వాటితో పాటు ఏదో బరువుగా వచ్చి భవాని కాళ్ల దగ్గర పడింది.

బ్యాటరీ.

పైన చేతులు బిగుస్తూనే ఉన్నాయి.

"పోతే పోయింది, ఇడిచిపెట్టు," అంది భవాని. సతీశ్ అప్పటికే తన మోకు వేసుకున్నాడు. "నీ ఎనిమిది నెల్ల కష్టమక్కా," అంటూ ఎక్కేశాడు.

మిషన్ కిందికి చేరి ఆగాడు. దానికి చెవి ఆనించాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అక్కా… గిది ఊపిరి తీస్తుంది."

ఇనుప చేతులు తెరుచుకున్నాయి. కిందికి వంగాయి. సతీశ్ వీపు వెనక నుంచి వచ్చి వాడినీ మానునూ కలిపి వాటేసుకున్నాయి.

మొదటి ఎముక విరిగిన చప్పుడు కింద దాకా వినిపించింది. పచ్చి కట్టె విరిచినట్టు. తర్వాత ఇంకొకటి… ఇంకొకటి… సతీశ్ అరవలేదు. అరవడానికి లోపల గాలి మిగల్లేదు. కత్తి తిరిగి వాడి భుజంలో దిగింది. మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. గెల కోసినట్టే, సన్నగా, ఓపికగా. భవాని ముఖం మీద వెచ్చగా చుక్కలు పడ్డాయి. తుడుచుకుంటే చెయ్యంతా ఎర్రగా అయింది.

ఎల్లయ్యకు అరవై దాటాయి. అయినా ఎక్కాడు. సగంలో ఆగి కిందికి చూశాడు. "నిజం చెప్పు. ఎవలదది?"

"బాపుది," అంది భవాని.

ఆయన ముఖం పాలిపోయింది. పైకి పోయి, ఇనుప చేతులకు చుట్టిన మోకును తన కత్తితో కోయడం మొదలుపెట్టాడు. మిషన్ కత్తి ఆయన రెండు వేళ్లు తెగ్గొట్టింది. అవి ఆకుల్లో పడ్డాయి. ఆయన ఆపలేదు. తెగిన పోగుల్లోంచి నల్లటి నెత్తురు కారింది… ఆయనది కాదు, సతీశ్‌ది కాదు. ఆఖరి పోగు తెగింది. మిషన్ నేల మీద పడి తునకలైంది. సతీశ్ తన మోకుకు వేలాడుతూ మిగిలాడు.

మధ్యాహ్నానికి సిద్దిపేట దవాఖానలో పక్కటెముకలకు, భుజానికి కట్లు కట్టారు. పానానికి భయం లేదన్నాడు డాక్టరు. గది బయట పోచవ్వ గోడకు తల కొట్టుకుంటూ, "కొడుకును తోలుకపోను వచ్చిండు, నేనే పిలిస్తి," అని ఏడుస్తోంది. లోపల భవాని మంచం పక్కన కూర్చుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. సతీశ్ కళ్లు తెరిచాడు.

"బాపేనా తమ్మీ?" గుసగుసగా అడిగింది.

వాడు తల అడ్డంగా ఆడించాడు. "బాపు కాదక్కా… బాపు దాని చేతులు ఇడిపియ్యవట్టె. ఆయనతోని కాలే."

"మరి గది ఎవలు?"

వాడు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి పెదవులు కదిలాయి.

"అక్కా… జర మెల్లగ పట్టుకో. ఊపిరాడతలేదు."

భవాని చేతులు రెండూ ఆమె ఒడిలోనే ఉన్నాయి.

సతీశ్ ఛాతీ మీద తెల్లటి కట్టు, ఒక చెయ్యి వెడల్పున, మెల్లగా లోపలికి దిగుతోంది.