వెనక సీటు బరువు

నూకరత్నం పొద్దున్నే లేచి పొయ్యి దగ్గరికి కాకుండా ముందు కారు దగ్గరికి వెళ్లేది. ఎనిమిది నెలలుగా అదే వరస. దీవిలోని గరాచర్మలో వాళ్ల ఇంటి పక్క రేకుల షెడ్డు కింద ఉండే ఆ చిన్న తెల్ల కారు, తెల్లారేసరికి ముందు ఎడమ చక్రం మీదికి ఒరిగిపోయి కనిపించేది. కొంగు నడుముకి దోపుకుని, కాలిపంపు తగిలించి తొక్కడం మొదలుపెట్టేది. యాభై తొక్కులు దాటాక ఊపిరి అందేది కాదు. కాసేపు ఆగి, మళ్లీ తొక్కేది.

టైరులో చిల్లేమీ లేదు. ఉప్పుగాలికి ఇనప రిమ్ము అంచు తుప్పు పట్టి పొరలుగా లేచింది. టైరు దాన్ని పట్టుకుని ఉండలేక సన్నగా గాలి వదిలేస్తోంది. మిగిలిన మూడు రిమ్ములూ అదే దారిలో ఉన్నాయి.

"ఏటే రత్నం, అయిందా? టైమైపోతాది మరి," అని లోపల్నుంచి అత్తగారు కాళమ్మ పిలిచింది.

"వస్తున్నా అత్తా."

కాళమ్మకి డెబ్బై ఆరేళ్లు. శ్రీకాకుళం తీరం నుంచి కొత్త పెళ్లికూతురుగా ఓడ ఎక్కి ఈ దీవికి వచ్చి, చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి పిల్లల్ని పెంచిన మనిషి. నిరుటి వానల్లో పెరటి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, వారానికి మూడు రోజులు ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లి నడక వ్యాయామం చేయించాలి. ఆవిడ బస్సెక్కలేదు. కొడుకు గణేశ్వరరావు నికోబార్ వైపు తిరిగే ఓడలో ఇంజను పని చేస్తాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అందుకని కోడలే ఆవిడ్ని వెనక సీట్లో కాలు చాపి కూర్చోబెట్టి తీసుకెళ్లి, తిరిగి ఇంట్లో దింపి, అప్పుడు హాడోలో తన ఆఫీసుకి పరుగెత్తేది. సాయంత్రం వచ్చాక మళ్లీ వంట, గిన్నెలు, అత్తగారి కాలికి కాపడం.

ఒకరోజు భోజనాల దగ్గర నూకరత్నం తన కొడుకు బంగారురాజుతో అంది. "ఒరే రాజూ, ఆ రిమ్ములు మార్పించరా. పంపు తొక్కలేక నా మోకాళ్లు పోతున్నాయి."

"హో జాయేగా అమ్మా, అయిపోతుందిలే. టెన్షన్ మత్ లో," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండానే.

బంగారురాజుకి ఇరవై ఆరేళ్లు. హాడో రేవులో కంటెయినర్లు దించే చోట ఉద్యోగం. చెడ్డవాడు కాదు, కానీ ఇంట్లో పని దానంతటదే జరిగిపోతుందని అనుకునే వయసు. తల్లి ఆ మాట అని మరిచిపోయింది. అతను మరిచిపోలేదు.

నెల తిరిగాక ఒక ఆదివారం ఉదయం కారు తీసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం హారన్ మోగించుకుంటూ వచ్చాడు. నాలుగు చక్రాలకీ నల్లటి కొత్త రిమ్ములు. వాటి మీద వెండిరంగు ఆకులు ఎండకి తళతళ మెరుస్తున్నాయి.

"ఇలా రా అమ్మా, దేఖో! చెన్నై నుంచి షిప్పులో తెప్పించాను. ఇంక నువ్వు పంపు ముట్టుకోనక్కర్లేదు."

"ఓలమ్మో, కారు పెళ్లికొడుకులాగుంది!" అంది వరండా కుర్చీలోంచి కాళమ్మ.

నూకరత్నం చుట్టూ తిరిగి చూసింది. టైర్లు కూడా లావుగా, కారు బాడీ నుంచి బయటికి పొడుచుకొచ్చినట్టున్నాయి. "మరి మన కారుకి సరిపోతాయా రా?"

"నాలుగు బోల్టులూ పర్‌ఫెక్టుగా కూర్చున్నాయమ్మా!"

"పాతవి ఏవి?"

"ఆ కచ్‌రా ఎందుకు? తుక్కుకి ఇచ్చేశాను."

అతని కళ్లలో అంత వెలుగు ఆమె చూసి చాలా రోజులైంది. ఇంక ఏమీ అడగకుండా కొడుకు జుట్టు నిమిరింది.

సోమవారం అత్తగారిని ఎక్కించుకుని బయల్దేరింది. మొదటి స్పీడ్‌బ్రేకర్ దాటగానే వెనక నుంచి గర్ర్‌మని చప్పుడు. రెండో దాని దగ్గర ఇంకా గట్టిగా. వేగం కాస్త పెరిగితే స్టీరింగు చేతుల్లో వణికింది. ఆ వణుకు సీట్లోకి పాకడంతో కాళమ్మ తుంటి పట్టుకుని పెదవి కొరుక్కుంది.

"అదేటే రత్నం, కింద ఏటో రాసుకుంటంది?"

తిరుగు దారిలో ప్రోతరాపూర్ రోడ్డు మీద ఉన్న రాముడి టైర్ల దుకాణం ముందు ఆపింది. రాముడు వంగి, వెనక చక్రం మీద చెయ్యి పెట్టి తడిమాడు.

"దీదీ, బోల్టులు కూర్చున్నాయి, సహీ. అదొక్కటీ కూర్చుంటే చాలదు. రిమ్ము మధ్యనున్న కన్నం, ఇరుసు చివరుండే హబ్బు కన్నా పెద్దది. చక్రం సరిగ్గా మధ్యలో నిలబడట్లేదు, అందుకే స్టీరింగు వణుకుతోంది. పైగా ఇది వెడల్పు రిమ్ము, పెద్ద బండిది. చక్రం బయటికి వచ్చేసింది. వెనక మనిషి కూర్చుంటే బాడీ దిగి, మడ్‌గార్డు అంచు టైరుకి రాసుకుంటోంది."

"ఇప్పుడేం చెయ్యాలి భయ్యా?"

"మార్చాలి, ఇంకేముంది! అంతవరకూ వెనక వజన్ తగ్గించి నడపండి, బరువు పడకూడదు."

కాళమ్మ వెనక సీట్లో కూర్చుని ఆ మాటలన్నీ విన్నది.

ఆ సాయంత్రం కొడుక్కి చెప్పేయాలనే అనుకుంది నూకరత్నం. వచ్చి చూస్తే, అతను షెడ్డు కింద గొంతుక్కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో రిమ్ము ఆకుల సందులు తోముతున్నాడు. ఈల వేస్తున్నాడు. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి లోపలికి వెళ్లి బియ్యం కడిగింది.

మర్నాటి నుంచి తిప్పలు ఆమెవే. డిక్కీలోని అదనపు చక్రం తీసి ఇంట్లో పెట్టేసింది. అత్తగారి నడక కర్రల చట్రాన్ని ముందు సీట్లోకి మార్చింది. స్పీడ్‌బ్రేకర్లు తక్కువని చుట్టుదారి పట్టింది, దానికోసం ఇరవై నిమిషాలు ముందు లేచింది. అయినా పూర్తిగా చప్పుడు ఆగలేదు.

ఆ రోజుల్లోనే కాళమ్మ తిండి తగ్గించింది. ముందు రాత్రి అన్నం మానేసింది. తర్వాత పొద్దున్న నాలుగు ఇడ్లీల్లో రెండు పక్కకి నెట్టేసింది.

"ఆకలి నేదే."

"ఉప్పు తక్కువైందా అత్తా?"

"ఉప్పు బాగానే ఉంది. ఆకలే నేదు."

నూకరత్నానికి ఒళ్లు మండేది. నాలుగున్నరకి లేచి, ఆవిడకి ఇష్టమని చేపల పులుసు పెడితే, ఒక ముక్క తిని చెయ్యి కడిగేసుకుంటోంది. మంచాన పడి కోడలి మీద అలుగుతోందేమో అనుకుంది. ఓడలోంచి భర్త ఫోన్ చేసినప్పుడు "మీ అమ్మ నన్ను సాధిస్తోంది" అని కూడా అనేసింది. లైన్ తెగిపోవడంతో అతనేమన్నాడో వినపడలేదు.

మూడు వారాలకి ఒక శుక్రవారం ఆసుపత్రిలో కాళమ్మ రెండు కమ్మీలు పట్టుకుని నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి కూలబడింది. వ్యాయామం చేయించే అమ్మాయి పరుగున వచ్చి పట్టుకుంది. మంచినీళ్లు పట్టి, బరువు తూచింది. పోయిన నెల కన్నా ఐదు కిలోలు తక్కువ.

"మామ్మగారు ఇంట్లో సరిగా తింటున్నారా ఆంటీ? బలం లేకపోతే ఎముక ఎలా అతుకుతుంది?" అంది ఆ అమ్మాయి నూకరత్నం వైపు తిరిగి. మెల్లిగానే అంది. అయినా బెంచీల మీద వాళ్లందరూ తన వైపే చూస్తున్నారనిపించింది.

ఇంటికొచ్చి అత్తగారిని మంచం మీద కూర్చోబెట్టాక నూకరత్నం ఓపిక కట్ట తెగింది.

"నేనేం తక్కువ చేశాను అత్తా? చెప్పు! నీకు వండి, నిన్ను కడిగి, మోసి, తిప్పి... నా ఒంట్లో ఇంకేం మిగల్లేదు. నువ్వు తిండి మానేసి నన్ను పదిమందిలో దోషిని చేస్తావా?"

మధ్యాహ్నం షిఫ్టుకి తయారవుతున్న బంగారురాజు గదిలోంచి వచ్చాడు. "చిల్లావ్ మత్ అమ్మా! అరుపులెందుకు? నాన్నమ్మ ముసలిది కదా. రోజంతా నువ్వా మొహం పెట్టుకుని తిరిగితే ఎవరికి ఆకలేస్తుంది? ఈ ఇంట్లో ఎవరేం చేసినా నీకు సంతోషం లేదు. అంత ముచ్చటపడి రిమ్ములు తెస్తే, ఒక్కరోజైనా బాగున్నాయన్నావా?"

నూకరత్నం ఆసుపత్రి కాగితాలు మడిచి దిండు కింద పెట్టింది.

"నోరు ముయ్యిరా గుంటడా!" కాళమ్మ మంచం పట్టె మీద అరచేత్తో కొట్టింది. "మీ అమ్మని ఏటీ అనకు. నాను తిండి మానేసింది ఆ చక్రాల కోసమే!"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఆ టైర్ల రాముడు సెప్పినాడు కదేటే, ఎనకాల బరువు తగ్గించమని. ఆ కారులో ఎనకాలున్న బరువేటి? నానే కదా! ఈడు పేనం పెట్టి తెచ్చుకున్నాడు. ఈడికి సెప్పనేక నువ్వు దారి మార్సుకుని, నిద్ర మానుకుని తిప్పతన్నావు. నానేటి సెయ్యగలను? నడవనేను, దిగి తొయ్యనేను. ఒక్క ముద్ద తగ్గించుకుంటే సప్పుడు తగ్గుద్దనుకున్నాను." కోడలి వైపు చూసింది. "తగ్గింది కూడాను. మొన్న సందు సివర గుంట దగ్గర రాయనేదు. నువ్వు సూడనేదేటి?"

నూకరత్నం మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. తను విసిరికొట్టినట్టు తీసేసిన కంచాలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. అత్తగారి మోకాలి మీద నుదురు ఆన్చి ఏడ్చేసింది. చేపల వాసన ఎప్పుడో వదిలిపోయిన ఆ ముడతల చెయ్యి ఆమె వీపు మీదికి వచ్చింది.

"ఏం బరువు? రాముడేం చెప్పాడు?" బంగారురాజుకి ఏమీ అర్థం కాలేదు. తల్లి అంతా చెప్పాక కూడా నమ్మలేదు. "నేను నడిపినప్పుడు ఎప్పుడూ రాయలేదే!"

"నువ్వు ఒక్కడివే కదా నడుపుతావు," అంది తల్లి.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. "అలిసిపోయాను రా. చెప్పడానికీ ఓపిక కావాలి. నేను చెప్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. అప్పుడు నిన్ను ఓదార్చడం కూడా నా పనే అవుతుంది. అంతకన్నా చుట్టుదారే తేలికనిపించింది."

బంగారురాజు కారు తాళాలు అందుకున్నాడు. నాన్నమ్మని రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తల్లిని ఆవిడ పక్కన కూర్చోమన్నాడు. కారు సందు చివర గుంట దాకా వెళ్లింది. గర్ర్‌మంది. వెనక్కి తిప్పి మళ్లీ పోనిచ్చాడు. మళ్లీ అదే చప్పుడు. దిగి, చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని టైరు అంచు తడిమాడు. రబ్బరు చెక్కుకుపోయి లోపలి దారాలు వేలికి తగిలాయి. ఇంకో వారం గడిస్తే ఏ మలుపులోనో పేలిపోయేది, ఈ ఇద్దర్నీ పెట్టుకుని.

లేచినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నేను నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లలేదు నాన్నమ్మా," అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దర్నీ రాముడి దుకాణానికి తీసుకెళ్లాడు. ఈసారి మెరుపు చూడలేదు. డ్రైవర్ తలుపు లోపల అతికించిన కాగితం మీద కంపెనీ రాసిన టైరు కొలత చదివి, రాసుకుని, ఆ కొలతవే కొత్త టైర్లు తీయించాడు. బోల్టుల మధ్య దూరం, మధ్య కన్నం, రిమ్ము వెడల్పు టేపు పెట్టి తనే కొలిచాడు. రాముడు తెచ్చిన మొదటి రిమ్ము హబ్బు మీదికి ఎక్కనే లేదు. రెండోది ఎక్కింది గానీ అంగుళం బయటికి వచ్చింది. మూడోది, ఏ సోకూ లేని మామూలు ఇనప రిమ్ము, సందు లేకుండా వెళ్లి కూర్చుంది. నట్లు బిగించి తిప్పితే చక్రం ఏ వంకా లేకుండా తిరిగింది. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశారు. ఎక్కడా తగల్లేదు.

"ఇంకా అయిపోనేదు," అంది కాళమ్మ. "నన్ను ఎనక కూకోబెట్టి సూడండి. నా బరువు మోస్తేనే అది మన చక్రం."

రాముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడని కూర్చోబెట్టి, కారుని గట్టిగా కిందికి నొక్కి చూశారు. టైరుకీ మడ్‌గార్డు అంచుకీ మధ్య మూడు వేళ్లు పట్టాయి.

"దీదీ, నలుపు ఉంది, వెండిరంగు ఉంది. ఏది వెయ్యమంటారు?" అనడిగాడు రాముడు.

నూకరత్నం అలవాటుగా కొడుకు వైపు చూసింది.

"నన్ను చూడకమ్మా. నువ్వు చెప్పు."

తనకి ఏది కావాలో తెలుసుకోవడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. "వెండిరంగు. అంచులకి తుప్పు పట్టకుండా రంగు ఇంకో పూత వేసి ఇవ్వాలి భయ్యా." ఆగి, కొడుకు వైపు తిరిగింది. "ఇంకోటి. సోమవారం, బుధవారం నాన్నమ్మని నువ్వు తీసుకెళ్లాలి. శుక్రవారం నేను వెళ్తాను."

"వెళ్తాను," అన్నాడు. "మూడు రోజులూ నేనే వెళ్తాను."

"వద్దు. నేను చెప్పింది చాలు."

సాయంత్రానికి నాలుగు చక్రాలూ బిగించేశారు. అతను నడిపాడు. నూకరత్నం అత్తగారి కాలు తన ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. కారులో ఏ చప్పుడూ లేదు. కిటికీ గాలి చల్లగా తగులుతుంటే, ఇంటికి వెళ్లగానే బియ్యం కడగాలనుకుంది. బట్టలు తియ్యాలనుకుంది. ఆ తర్వాత ఏమనుకుందో ఆమెకే తెలియదు. తల మెల్లిగా కాళమ్మ భుజం మీదికి వాలింది.

ఇంటి సందు మొదట్లో కారు నెమ్మదించింది. నిద్ర అంచున ఆమెకి అత్తగారి గుసగుస వినపడింది.

"ఒరే, ఇంటికి తిప్పకు. మీ అమ్మ పడుకుంది. ఇంకొంచెం దూరం పోనీ."

కారు సందు దాటి ముందుకే వెళ్లింది.