అడవిపందికి దాచిన తూటా

బాచుపల్లిలో శేఖర్‌ని పట్టపగలే కాల్చి చంపారు. మర్నాడు ఉదయం హైటెక్ సిటీలో, పైకి సాఫ్ట్‌వేర్ కంపెనీలా కనిపించే ఆ సీక్రెట్ ఆఫీసులో చీఫ్ రంగనాథ్ బ్రీఫింగ్ పెట్టాడు.

"పోయిన శేఖర్ మన మనిషి. నెక్స్ట్ టార్గెట్ హర్షిణి. విదేశీ ముఠా డ్రోన్ల కోడ్‌ని విప్పింది ఆ అమ్మాయే. కాసేపట్లో గాజు వంతెన దాటి ఎదురు టవర్‌లో రక్షణ శాఖ వాళ్లకి దాన్ని చూపించాలి. ఉమాశ్రీ, చెప్పు."

ఉమాశ్రీ ముఠాలో మన తరఫున దూరిన ఏజెంట్. ఆమె నవ్విందంటే తోటి ఏజెంట్ మహేందర్‌కి తన పిస్టల్ ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, పాపం! ఆమె బల్లమీద పొడవాటి తూటా ఒకటి నిలబెట్టింది.

"పాయింట్ త్రీ త్రీ ఎయిట్. వాళ్ల దగ్గర్నుంచే కొట్టేశాను. మిలిటరీ స్నైపర్లది. కిలోమీటరు దూరంలో ఉన్నా గురి తప్పదు."

రంగనాథ్ ముఖం వాడిపోయింది. "మన బుల్లెట్‌ప్రూఫ్ ప్లేట్లు దీన్ని ఆపలేవు. ఆ అమ్మాయికి ఊరికే బరువు, తీసేయండి. అందరూ షూటర్ కోసం దూరపు టవర్లెక్కండి."

ల్యాప్‌టాప్ బ్యాగులో ప్లేటు దాచుకున్న మహేందర్ ఒక్కడే వంతెన దగ్గర మిగిలాడు. అప్పుడే ల్యాబ్ నుంచి శేఖర్ ఒంట్లో దొరికిన తూటా వచ్చింది. 'నలిగిపోయింది, క్యాలిబర్ తెలియదు' అని రాశారు.

మహేందర్ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. మిలిటరీ తూటాకి ఒళ్లంతా రాగి తొడుగు ఉంటుంది. దీని సీసం మొన పుట్టగొడుగులా విచ్చుకుంది. వేట తూటా! నర్సాపూర్ దగ్గర వాళ్ల ఊళ్లో అడవిపందులు మక్కచేను తొక్కితే పంచాయతీ వాళ్లు లైసెన్స్ షూటర్‌ని పిలిపించేవారు. అతని త్రీ వన్ ఫైవ్ రైఫిల్ తూటాలు ఇలాగే విచ్చుకునేవి. దెబ్బ తిన్న జంతువు పారిపోకుండా అక్కడే పడాలని. కానీ రెండు వందల మీటర్లు దాటితే ఆ రైఫిల్ గురిని నమ్మలేం.

అంటే షూటర్ పక్కనే ఉన్నాడు. అందర్నీ దూరం పంపడానికే ఉమ అబద్ధమాడింది!

రేడియో నొక్కాడు. చప్పుడు లేదు. ఛానెల్ సెట్ చేసింది కూడా ఉమే. అటు హర్షిణి వంతెన మధ్యకి చేరింది, పక్కనే ఉమాశ్రీ. ఇక అయిపోయిందనుకుంటూనే పరిగెత్తాడు.

ఎదురు టవర్‌కి వేలాడే ఉయ్యాలలో అద్దాలు తుడిచేవాడు ఉన్నాడు. వాడి ముందు అద్దం మాత్రం పొడిగా ఉంది.

త్రీ త్రీ ఎయిట్‌ని ఆపలేని ప్లేటు దీన్ని ఆపొచ్చు. మహేందర్ బ్యాగు అడ్డుపెట్టి హర్షిణి మీదికి దూకాడు. గాజు పగిలింది. బ్యాగు వచ్చి ఛాతీకి గుద్దుకుంది.

"సార్, ఏమైంది?" కింద నుంచి అడిగింది హర్షిణి.

"జర కదలకమ్మా! ఉమా, కింద పండుకో!"

ఉన్నది ఒక్కటే బ్యాగు. ఉమాశ్రీ నిలబడే ఉంది.

"నన్నెందుకు కాలుస్తారు?" అంది, నిజంగానే నమ్మకంగా.

రెండో తూటా ఆమెకి తగిలింది. ముఠాకి ఆమెతో పని తీరిపోయింది.

సెక్యూరిటీ వాళ్లు ఉయ్యాల కరెంటు ఆపేశారు. వాడు గాల్లో వేలాడుతూ దొరికిపోయాడు. కోడ్ చేరాల్సిన చోటికి చేరింది.

"శభాష్ మహేందర్!" అన్నాడు రంగనాథ్.

"ఏం శభాష్ సార్? నా ముందరనే పాయె," అన్నాడు మహేందర్. మోసం చేసిన మనిషి కోసం ఏడుపేంటని తనని తాను తిట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

సాయంత్రం ఐటీ డెస్క్ నుంచి మెయిల్ వచ్చింది, ల్యాప్‌టాప్ ఎలా పాడైందో కారణం తెలపమని. మహేందర్ కళ్లు తుడుచుకుని టైప్ చేశాడు: 'అడవిపంది అనుకుని కాల్చారు.'